కెనడాలో శరణు కేసు కొట్టేశారా? ఫెడరల్ కోర్టుకు ఎలా వెళ్లాలి

రిఫ్యూజీ అప్పీల్ డివిజన్ నుంచి మీ అప్పీల్ కొట్టేశామని ఉత్తరం వచ్చిందా? అది మీ చేతికి ఏ తేదీన అందిందో ముందు రాసి పెట్టుకోండి. మెయిల్‌లో వచ్చి ఉంటే ఆ మెయిల్ డిలీట్ చేయకండి, పోస్టులో వచ్చి ఉంటే కవరు పారేయకండి. ఆ తేదీ నుంచి ఫెడరల్ కోర్టుకు వెళ్లడానికి మీకున్న గడువు 15 రోజులు. శని, ఆదివారాలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

ఈమధ్య కెనడాలో శరణు కోరుతున్నవాళ్లలో ఇండియా నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో మనవాళ్లూ ఉన్నారు. కులం దాటి పెళ్లి చేసుకుని ప్రాణభయంతో వచ్చినవాళ్లు, ఊళ్లో రాజకీయ కక్షల్లో ఇరుక్కున్నవాళ్లు, తమ లైంగికత బయటపడి ఇంట్లో బతకలేక వచ్చినవాళ్లు. కేసు పోయాక వాళ్లు ముందుగా అడిగేది వాట్సాప్ గ్రూపులో. అక్కడ ఒకరు 'ఇంక అయిపోయింది' అంటారు, మరొకరు 'కోర్టులో వేస్తే మళ్లీ మొదటి నుంచి వింటారు' అంటారు. రెండూ తప్పే. కోర్టు దారి తెరిచే ఉంది. కానీ అక్కడ అడిగే ప్రశ్న వేరు. ఆ తేడా అర్థం కాకపోతే ఎంత ఖర్చు పెట్టినా లాభం ఉండదు.

కోర్టు ఏం చూస్తుంది

కలెక్టర్ ఇచ్చిన ఉత్తర్వు మీద మన దగ్గర హైకోర్టులో రిట్ వేస్తారు కదా, ఇక్కడ ఫెడరల్ కోర్టు చేసే జ్యుడీషియల్ రివ్యూ కూడా దాదాపు అలాంటిదే. జడ్జి మీ కథను మొదటి నుంచి వినరు. మిమ్మల్ని బోను ఎక్కించి ప్రశ్నలు వేయరు. మీరు చెప్పింది నిజమా కాదా అని తానే తేల్చరు. శరణు కేసులు తేల్చే ఇమిగ్రేషన్ అండ్ రిఫ్యూజీ బోర్డు సభ్యుడు ఆ నిర్ణయానికి వచ్చిన తీరు సబబుగా ఉందా, మీకు న్యాయంగా అవకాశం ఇచ్చారా అన్న రెండు విషయాలే చూస్తారు.

ఇక్కడి కేసుల్లో 'వావిలోవ్' అనే పేరు మీకు పదేపదే వినిపిస్తుంది. 2019 డిసెంబర్‌లో కెనడా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. టొరంటోలో రష్యా గూఢచారుల దంపతులకు పుట్టిన ఒక యువకుడి పౌరసత్వం గురించిన కేసు. శరణుతో దానికి నేరుగా సంబంధం లేకపోయినా, అధికారుల నిర్ణయాలను కోర్టులు ఎలా పరిశీలించాలో తేల్చింది ఆ తీర్పే. సారాంశం ఇదీ: నిర్ణయానికి రాసిన కారణాలు ఒకదానికొకటి పొసగాలి, ముందున్న సాక్ష్యానికీ చట్టానికీ కట్టుబడి ఉండాలి. అవతలి మనిషి బతుకు మీద పడే ప్రభావం ఎంత పెద్దదైతే కారణాలు అంత గట్టిగా ఉండాలి. శరణు కేసులో అంతకన్నా పెద్ద ప్రభావం ఏముంటుంది?

గెలిస్తే ఏమొస్తుందో కూడా ముందే తెలుసుకోండి. కోర్టు మీకు శరణార్థి హోదా ఇవ్వదు. పాత నిర్ణయాన్ని రద్దు చేసి, మరో సభ్యుడు మళ్లీ చూడాలని కేసును వెనక్కి పంపుతుంది.

మొదటి పని: మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకోండి

శరణు కేసు మొదట వినేది రిఫ్యూజీ ప్రొటెక్షన్ డివిజన్, అంటే ఆర్పీడీ. అక్కడ ఓడిపోతే అప్పీల్ వెళ్లేది రిఫ్యూజీ అప్పీల్ డివిజన్‌కు, అంటే ఆర్ఏడీకి. ఈ అప్పీల్ విభాగం 2012 డిసెంబర్ నుంచి పనిచేస్తోంది. ఇమిగ్రేషన్ అండ్ రిఫ్యూజీ ప్రొటెక్షన్ చట్టం 72వ సెక్షన్ ప్రకారం, అప్పీల్ హక్కు ఉన్నవాళ్లు అది వాడుకోకుండా నేరుగా కోర్టుకు రాకూడదు. కాబట్టి మీకు వచ్చింది ఆర్పీడీ ఉత్తరమైతే ఇప్పుడు మీరు వేయాల్సింది ఆర్ఏడీ అప్పీల్. దాని నోటీసుకూ 15 రోజులే గడువు.

కొందరికి ఆర్ఏడీ మెట్టు లేదు. ఆర్పీడీ సభ్యుడు మీ కేసుకు 'నమ్మదగిన ఆధారమే లేదు' అనో, 'స్పష్టంగా నిరాధారం' అనో రాసి ఉంటే అప్పీల్ కుదరదు. అమెరికా సరిహద్దు దాటి వచ్చి, సేఫ్ థర్డ్ కంట్రీ ఒప్పందంలోని (ముందు అమెరికాలో అడుగు పెట్టినవాళ్లు అక్కడే శరణు కోరాలనే కెనడా-అమెరికా ఒప్పందం) మినహాయింపు కింద కేసు వేసినవాళ్లకూ అంతే. కేసును మీరే వెనక్కి తీసుకున్నా, హాజరు కాలేదని వదిలేసినట్టు తేల్చినా అంతే. వీళ్లు ఆర్పీడీ నుంచి నేరుగా ఫెడరల్ కోర్టుకు వెళ్లాలి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఆర్ఏడీ నిర్ణయం మీద గడువులోపు కోర్టుకు వెళ్తే దేశం నుంచి పంపించే ఉత్తర్వు దానంతట అదే ఆగుతుంది. దీన్ని ఆటోమేటిక్ స్టే అంటారు. తీవ్రమైన నేర చరిత్ర లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, కోర్టు తేల్చేదాకా మిమ్మల్ని విమానం ఎక్కించరు. ఆర్పీడీ నుంచి నేరుగా కోర్టుకు వెళ్లినవాళ్లకు ఈ రక్షణ లేదు. కోర్టులో కేసు నడుస్తున్నా సరిహద్దు అధికారులు, అంటే సీబీఎస్ఏ వాళ్లు, పంపించే ఏర్పాట్లు చేయవచ్చు. అలాంటప్పుడు స్టే కోసం విడిగా అడగాలి. ఆ సంగతి కింద చెప్తాను.

రెండో పని: లాయర్‌ను పట్టుకోండి, కన్సల్టెంట్‌ను కాదు

ఇక్కడ చాలామంది మోసపోతారు. లైసెన్స్ ఉన్న ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ కొన్ని పనులు చట్టబద్ధంగా చేయగలరు, కొందరికి బోర్డు ముందు వాదించే అనుమతి కూడా ఉంటుంది. కానీ ఫెడరల్ కోర్టులో మీ తరఫున నిలబడే హక్కు వాళ్లకు లేదు. అక్కడ లాయరే ఉండాలి, లేదా మీ కేసు మీరే చూసుకోవాలి. 'కోర్టు అప్పీల్ కూడా మేమే చూసుకుంటాం, ఇంత కట్టండి' అని ఎవరైనా అంటే సంతకం ఏ లాయర్ పెడతారో అడగండి. ఆ పేరు మీ ప్రావిన్స్ లా సొసైటీ వెబ్‌సైట్‌లో ఉందో లేదో వెతకండి. ఒంటారియోలో ఉంటే లా సొసైటీ ఆఫ్ ఒంటారియో డైరెక్టరీలో పేరు కొడితే చాలు, క్షణంలో తెలిసిపోతుంది.

ఈ కేసులకు లాయర్ ఫీజు వేల డాలర్లలో ఉంటుంది. ఆదాయం తక్కువైతే లీగల్ ఎయిడ్‌కు అప్లై చేయండి. ఒంటారియో, బ్రిటిష్ కొలంబియా లాంటి చోట్ల శరణు కేసులకు లీగల్ ఎయిడ్ ఉంది. కోర్టు దశకు వచ్చేసరికి మీ కేసులో పస ఉందా అని వాళ్లు చూస్తారు, దానికి టైమ్ పడుతుంది. కాబట్టి ఉత్తరం వచ్చిన రోజో, మర్నాడో ఫోన్ చేయండి. లీగల్ ఎయిడ్ జవాబు కోసం ఎదురుచూస్తూ 15 రోజులు పోగొట్టుకోవద్దు. మొదటి ఫారం మీరే వేసి గడువు కాపాడుకోవచ్చు, లాయర్ తర్వాత చేరవచ్చు.

లాయర్‌తో మొదటి మీటింగ్‌లోనే ఒక విషయం దాచకుండా చెప్పండి. మీ కేసు మొదట్లో ఏజెంటు రాసి ఉంటే, అందులో మీకు తెలియకుండానో తెలిసో నిజం కానిది ఏదైనా చేరి ఉంటే అది ఇప్పుడే చెప్పాలి. త్వరలో మీరు ప్రమాణం చేసి అఫిడవిట్ మీద సంతకం పెట్టబోతున్నారు. అబద్ధం మీద రెండోసారి ప్రమాణం చేస్తే మీ కేసులో ఉన్న నిజం కూడా దాంతోపాటే మునిగిపోతుంది.

మూడో పని: ఐఆర్-1 ఫారం

దరఖాస్తు పేరు పొడుగ్గా ఉంటుంది: లీవ్ కోసం, జ్యుడీషియల్ రివ్యూ కోసం దరఖాస్తు. లీవ్ అంటే కోర్టు అనుమతి. దీనికి వాడేది ఐఆర్-1 ఫారం, కోర్టు ఫీజు 50 డాలర్లు. ఫెడరల్ కోర్టు వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్‌గా వేయవచ్చు. టొరంటో, వాంకూవర్, కాల్గరీ, మాంట్రియల్ లాంటి నగరాల్లో ఉన్న రిజిస్ట్రీ కౌంటర్‌లో కూడా ఇవ్వవచ్చు.

ఫారం నింపేటప్పుడు ప్రతివాది దగ్గర జాగ్రత్త. మీ కేసు కొట్టేసింది బోర్డే అయినా అక్కడ బోర్డు పేరు రాయకూడదు. ప్రతివాది పౌరసత్వ, ఇమిగ్రేషన్ మంత్రి. ఆ మంత్రి తరఫున వాదించేది న్యాయశాఖ లాయర్లు కాబట్టి కాపీ న్యాయశాఖకు అందాలి. చట్టం ప్రకారం ఈ రెండూ, అంటే కోర్టులో వేయడం, అవతలివాళ్లకు అందజేయడం, 15 రోజుల్లోనే పూర్తి కావాలి. అందజేసినట్టు రుజువు కూడా తర్వాత కోర్టులో ఇవ్వాలి. ఒకటి చేసి రెండోది మర్చిపోయినవాళ్లు ఉన్నారు.

అదే ఫారంలో మీ పేరు బయటకు రాకుండా చూడమని కూడా అడగవచ్చు. దీన్ని అజ్ఞాత ఉత్తర్వు అనుకోండి. ఇది చిన్న విషయంగా తీసేయకండి. బోర్డు దగ్గర మీ విచారణ గోప్యంగా జరిగింది. కోర్టు అలా కాదు, అది బహిరంగం. తీర్పు ఇంటర్నెట్‌లో పెడతారు. మీ పేరు, మీ ఊరు, మీరు ఎవరికి భయపడుతున్నారో, ఎందుకో, అంతా వివరంగా ఉంటుంది. నరసరావుపేటలో కూర్చున్న మీ బాబాయి కొడుకు ఫోన్‌లో మీ పేరు కొడితే అది కనబడవచ్చు. పేరుకు బదులు పొడి అక్షరాలు వాడమని ఫారంలోనే అడగండి, ఎందుకు అవసరమో తర్వాత ఇచ్చే వాదనలో రాయండి. గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషులకూ, ఇంట్లోవాళ్ల నుంచే ప్రమాదం ఉన్నవాళ్లకూ ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి.

గడువు దాటిపోతే

ఉత్తరం పాత అడ్రస్‌కు వెళ్లింది, లాయర్ చెప్పలేదు, ఆసుపత్రిలో ఉన్నారు. ఇలాంటివి జరుగుతాయి. గడువు పెంచమని అడగవచ్చు, కానీ విడిగా కాదు, అదే దరఖాస్తులో అడగాలి. మొదటి నుంచీ మీకు కోర్టుకు వెళ్లే ఉద్దేశం ఉందా, కేసులో పస ఉందా, ఆలస్యం వల్ల అవతలివాళ్లకు నష్టం ఉందా, ఆలస్యానికి సరైన కారణం ఉందా అన్నవి జడ్జి చూస్తారు. ఆలస్యమైన ప్రతి రోజుకూ జవాబు ఉండాలి. 'టెన్షన్‌లో ఉన్నాను' అంటే సరిపోదు. డాక్టర్ కాగితం, పోస్టల్ రుజువు లాంటివి జతచేయాలి.

ఇందులో ఒక పెద్ద నష్టం ఉంది. గడువు పెంచమని అడిగి వేసిన దరఖాస్తుకు ఆటోమేటిక్ స్టే రాదు. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ రక్షణ పోతుంది. మీ దగ్గర ఇంకా గడువు మిగిలి ఉంటే, లాయర్ దొరికినా దొరకకపోయినా ఫారం వేసేయండి.

నాలుగో పని: నిర్ణయాన్ని పెన్సిల్ పట్టుకుని చదవండి

కేసు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే. లాయర్ చదువుతారు సరే, మీరు కూడా చదవాలి. ఇంగ్లీష్ కష్టమైతే తెలిసినవాళ్ల పక్కన కూర్చుని పేరా పేరాకూ అర్థం చెప్పించుకోండి. మీ ఫైల్‌లో ఏ కాగితం ఎక్కడ ఉందో మీకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

చదివేటప్పుడు కోపం వస్తుంది. 'నేను చెప్పింది నమ్మలేదు' అనిపిస్తుంది. ఆ కోపం కోర్టులో పనికిరాదు. మీరు వెతకాల్సింది సభ్యుడు తప్పు చేసిన చోటు. ఒక ఊహా కేసు తీసుకుందాం.

గుంటూరు జిల్లాకు చెందిన ఒక జంట కులాంతర వివాహం చేసుకున్నారు. అమ్మాయి తండ్రి డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు, పార్టీలో మనిషి. ఒకసారి దాడి జరిగింది. ఇద్దరూ కెనడా వచ్చి శరణు కోరారు. ఆర్ఏడీ వాళ్ల మాట నమ్మింది, కానీ కేసు కొట్టేసింది. కారణం: 'మీరు ముంబై వెళ్లి క్షేమంగా బతకవచ్చు. అమ్మాయి తండ్రికి అంత దూరం వెతికే ఆసక్తి గానీ శక్తి గానీ ఉన్నట్టు ఆధారం లేదు.'

ఇండియా కేసులు ఎక్కువగా ఓడేది ఈ పాయింట్ మీదే. దేశం లోపలే మరోచోట ఆశ్రయం దొరుకుతుందా అన్న ప్రశ్న ఇది. 1991 నాటి రసరత్నం తీర్పు నుంచి దీనికి రెండు మెట్ల పరీక్ష వాడుతున్నారు: ఆ నగరంలో మీకు ప్రమాదం ఉందా? అక్కడికి వెళ్లి బతకమని చెప్పడం సబబేనా? రెండో మెట్టు మీద గెలవడం చాలా కష్టం. ఉద్యోగం దొరకదు, భాష రాదు, చుట్టాలు లేరు అంటే సరిపోదు. అందుకే మొదటి మెట్టు మీద దృష్టి పెట్టాలి.

ఇప్పుడు ఫైల్ తీసి చూడండి. అబ్బాయి మేనమామ ఇచ్చిన అఫిడవిట్ ఒకటి ఉంది. పెళ్లయ్యాక ఈ జంట కొన్నాళ్లు పుణేలో స్నేహితుడి ఇంట్లో దాక్కున్నారు, తండ్రి పంపిన మనుషులు అక్కడికీ వచ్చి వాకబు చేశారు అని అందులో ఉంది. ఆర్ఏడీ నిర్ణయం మొదటి నుంచి చివరిదాకా వెతికినా పుణే అన్న పేరే కనబడదు. 'ఆధారం లేదు' అన్న వాక్యం మాత్రం ఉంది.

ఇదే కోర్టుకు కావాల్సింది. సభ్యుడు ప్రతి కాగితాన్నీ ప్రస్తావించాలని రూల్ లేదు. కానీ తన ముగింపుకు నేరుగా ఎదురుగా నిలిచే ముఖ్యమైన సాక్ష్యాన్ని పట్టించుకోకుండా పోతే, దాన్ని చూడనే లేదని కోర్టు అనుకోవచ్చు. సెపెడా-గుటియెరెజ్ అనే 1998 తీర్పు చెప్పింది ఇదే. ఇప్పుడు మీ వాదన 'మా ప్రాణాలకు ముప్పు ఉంది' అని కాదు, అది ఇప్పటికే చెప్పారు. మీ వాదన ఇలా ఉండాలి: 'ఫలానా పేరాలో ఆధారం లేదని రాశారు, ఫైల్‌లో ఫలానా పేజీలో ఆ ఆధారం ఉంది, దాన్ని ఎందుకు పక్కన పెట్టారో ఒక్క మాట కూడా లేదు.' పేరా నంబరు, పేజీ నంబరు, మధ్యలో తప్పు. ఇలాంటివి ఒకటో రెండో గట్టివి దొరికితే చాలు. పదిహేను చిన్న ఫిర్యాదులు పోగేస్తే ఆ రెండు గట్టివీ వాటి కింద పడి కనబడకుండా పోతాయి.

నమ్మకపోవడం వల్లే ఓడిపోతే వెతికే తీరు వేరు. ప్రమాణం చేసి చెప్పిన మాటను, అనుమానించడానికి కారణం లేనప్పుడు, నిజమనే అనుకోవాలని 1979 నాటి మాల్డొనాడో తీర్పు చెబుతోంది. మరి మిమ్మల్ని నమ్మకపోవడానికి సభ్యుడు ఏ కారణాలు రాశారు? అవి నిజంగా వైరుధ్యాలేనా, లేక మన ఇళ్ల పద్ధతి తెలియక వచ్చినవా?

అనువాదం దగ్గర ఇది మరీ ఎక్కువ. పెదనాన్న కొడుకును మనం 'అన్నయ్య' అనే అంటాం. దుబాసీ దాన్ని సొంత అన్న అని చెప్పి ఉంటే, ఫారంలో కజిన్ అని ఉంటే, సభ్యుడికి అది రెండు నాలుకల మాటలా కనిపిస్తుంది. ఆర్పీడీ విచారణ ఆడియో రికార్డింగ్ అడిగి తెచ్చుకోండి. తెలుగూ ఇంగ్లీషూ బాగా వచ్చినవాళ్లతో విని ఏ నిమిషంలో ఏం తేడా వచ్చిందో రాయించండి. అయితే అనువాదం బాగా లేదని మొదటి అవకాశంలోనే చెప్పి ఉండాలి. విచారణలోనూ ఆర్ఏడీ దగ్గరా ఊరుకుని కోర్టులో మొదటిసారి అంటే వినడం కష్టం. మిగతా వాదనలకూ ఇదే వర్తిస్తుంది: ఆర్ఏడీ ముందు ఎత్తని పాయింటును కోర్టు మామూలుగా పట్టించుకోదు.

కొత్త సాక్ష్యం కూడా పనిచేయదు. నిన్న ఊళ్లో మళ్లీ గొడవ జరిగింది, కొత్త ఎఫ్ఐఆర్ వచ్చింది అని పంపినా, ఆర్ఏడీ ముందు లేనిది జడ్జి చూడరు. మీకు న్యాయంగా అవకాశం ఇవ్వలేదని చూపించే కాగితాల లాంటి కొన్నింటికే మినహాయింపు. అయినా ఆ ఎఫ్ఐఆర్‌ను జాగ్రత్తగా దాచండి, ముందు ముందు దానికి చోటుంది.

పాత లాయరో కన్సల్టెంటో కేసు పాడుచేశారని మీరు అనుకుంటే, ఊరికే రాసేస్తే కుదరదు. ఆరోపణ ఏమిటో ముందు వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేసి, జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలని కోర్టు మార్గదర్శకాలు అంటున్నాయి. దీనికీ టైమ్ కావాలి కాబట్టి మొదటి వారంలోనే మొదలుపెట్టండి.

అయిదో పని: రికార్డు కట్టడం

ఫారం వేశాక అసలు ఫైల్, అంటే అప్లికెంట్స్ రికార్డు, ఇవ్వాలి. రూల్స్ ప్రకారం దీనికి 30 రోజులు. కేసులు విపరీతంగా పేరుకుపోవడంతో 2025 మే నెలలో కోర్టు ఒక ప్రత్యేక ఉత్తర్వుతో దీన్ని 75 రోజులకు పెంచింది. మీరు వేసే రోజుకు ఏది అమల్లో ఉందో కోర్టు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఈ రికార్డు ఇవ్వకపోతే కేసు అక్కడితో ముగుస్తుంది.

అందులో దరఖాస్తు కాపీ, ఆర్ఏడీ నిర్ణయం, దాని కారణాలు, మీ అఫిడవిట్, వాదన ఉంటాయి. వాదనను మెమోరాండం అంటారు, 30 పేజీలు దాటకూడదు. అఫిడవిట్‌లో జరిగిన విషయాలే ఉండాలి, వాదన ఉండకూడదు. 'ఫలానా తేదీన ఈ కాగితం బోర్డుకు ఇచ్చాను' అన్నది అఫిడవిట్‌లోకి. 'దాన్ని పట్టించుకోకపోవడం అన్యాయం' అన్నది మెమోరాండంలోకి. అఫిడవిట్ మీరే ఇవ్వండి. లాయర్ ఆఫీసులో పనిచేసే అమ్మాయి చేత ఇప్పిస్తే దానికి అంత విలువ ఉండదు.

ఇంగ్లీష్ సరిగా రానివాళ్లు ఒక పని తప్పకుండా చేయాలి. అఫిడవిట్‌ను దుబాసీ మీకు తెలుగులో పూర్తిగా చదివి వినిపించాలి, అలా వినిపించానని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. ఇది లేకుండా అర్థం కాని భాషలో పెట్టిన సంతకం మీ మెడకే చుట్టుకుంటుంది. తెలుగులో ఉన్న ఎఫ్ఐఆర్, ఉత్తరాలు, పంచాయతీ కాగితాలకు అనువాదమూ, అనువాదకుల ప్రమాణ పత్రమూ జతచేయాలి.

తర్వాత ఏం జరుగుతుంది

మంత్రి తరఫు లాయర్లు జవాబు ఇస్తారు, దానికి మీరు 10 రోజుల్లో తిరుగు జవాబు ఇవ్వవచ్చు. ఆపైన ఒక జడ్జి కాగితాలు చూసి లీవ్ ఇవ్వాలా వద్దా తేలుస్తారు. మిమ్మల్ని పిలవరు. వాదించదగిన పాయింటు ఉందా అన్నదే ఇక్కడి కొలత. చాలా కేసులు ఈ గడప దగ్గరే ఆగిపోతాయి. ఒక్క వాక్యంలో తిరస్కరిస్తారు, కారణాలు చెప్పరు, దాని మీద అప్పీలూ లేదు. రోజులూ రాత్రులూ పెట్టి కట్టిన ఫైల్‌కు ఒక్క లైనులో జవాబు రావడం మనసుకు చాలా కష్టంగా ఉంటుంది. అందుకే మెమోరాండం మొదటి రెండు పేజీల్లోనే మీ గట్టి పాయింటు ఉండాలి.

ఒక్కోసారి న్యాయశాఖ లాయర్లే తప్పు జరిగిందని గమనించి, కేసును వెనక్కి పంపడానికి ఒప్పుకుంటామని కబురు పెడతారు. అలాంటి మాట వస్తే షరతులు లాయర్‌తో కూర్చుని చదవండి. మామూలుగా అది మంచి వార్తే.

లీవ్ వస్తే 30 రోజుల తర్వాత, 90 రోజుల లోపు విచారణ పెట్టాలి. ఈలోపు బోర్డు తన పూర్తి ఫైల్‌ను కోర్టుకు పంపుతుంది. దాన్ని తప్పక చూడండి, మీరు ఇచ్చిన కాగితం అందులో లేకపోతే అదే ఒక వాదన. విచారణలో మాట్లాడేది లాయర్లే. మీరు వెళ్లి వెనక కూర్చోవచ్చు, సాక్ష్యం చెప్పక్కర్లేదు. ఓడిపోతే అవతలివాళ్ల ఖర్చులు మీ మీద పడతాయేమోనని భయపడేవాళ్లు ఉన్నారు. ఇమిగ్రేషన్ కేసుల్లో ప్రత్యేక కారణం ఉంటే తప్ప కోర్టు ఖర్చులు వేయదు.

సీబీఎస్ఏ నుంచి పిలుపు వస్తే

ఆటోమేటిక్ స్టే లేనివాళ్లకు ఇది ఎప్పుడైనా రావచ్చు. ఇంటర్వ్యూకు పిలిస్తే వెళ్లండి. తప్పించుకుంటే వారెంట్ వస్తుంది, అరెస్టు చేస్తారు, కోర్టులో మీ మాటకున్న విలువ పోతుంది. ప్రయాణ తేదీ చేతికి వస్తే మొదట ఆ అధికారిని వాయిదా వేయమని రాతపూర్వకంగా అడగాలి. కాదంటే కోర్టులో స్టే మోషన్ వేయాలి. 1988 నాటి టోత్ తీర్పు ప్రకారం మూడు విషయాలు చూపించాలి: కేసులో తీసిపారేయలేని ప్రశ్న ఉంది, ఇప్పుడు పంపేస్తే పూడ్చలేని నష్టం జరుగుతుంది, రెండు వైపులా కలిగే ఇబ్బందిని తూచి చూస్తే మొగ్గు మీ వైపే ఉంది. మూడూ ఉండాలి. విమానం రేపనగా వేసిన మోషన్లంటే జడ్జీలకు ఇష్టం ఉండదు, కొన్నిసార్లు విననే వినరు. తేదీ తెలిసిన రోజే లాయర్‌కు చెప్పండి.

ఓడితే, గెలిస్తే

కోర్టు కాదంటే దాదాపు దారి మూసుకున్నట్టే. జడ్జి 'అందరికీ వర్తించే ముఖ్యమైన ప్రశ్న' అని సర్టిఫై చేస్తేనే ఫెడరల్ కోర్ట్ ఆఫ్ అప్పీల్‌కు వెళ్లగలరు, అది అరుదు. స్టే ఎత్తేశాక డిపార్చర్ ఆర్డర్, అంటే దేశం విడిచి వెళ్లమన్న ఉత్తర్వు, అమల్లోకి వస్తుంది. అక్కడి నుంచి 30 రోజుల్లో మీరే వెళ్లిపోయి, ఎయిర్‌పోర్టులో సీబీఎస్ఏ దగ్గర వెళ్లినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. అలా చేయకపోతే అది డిపోర్టేషన్ ఆర్డర్‌గా మారుతుంది. అప్పుడు తిరిగి రావాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. చదువుకో ఉద్యోగానికో ఎప్పటికైనా మళ్లీ రావాలనుకునే చిన్న వయసువాళ్లు ఈ సర్టిఫికెట్ లేకుండా విమానం ఎక్కవద్దు. పంపేముందు ప్రమాదాన్ని అంచనా వేసే పీఆర్ఆర్ఏ దరఖాస్తుకూ, మానవతా కారణాల దరఖాస్తుకూ మామూలుగా 12 నెలల నిషేధం ఉంటుంది. పిల్లల క్షేమం, ప్రాణాపాయం ఉన్న జబ్బు లాంటి వాటికి మానవతా దరఖాస్తులో మినహాయింపులు ఉన్నాయి. మీరు దాచిపెట్టిన ఆ కొత్త ఎఫ్ఐఆర్ పనికొచ్చేది పీఆర్ఆర్ఏలోనే.

గెలిస్తే కేసు ఆర్ఏడీలో మరో సభ్యుడి ముందుకు వెళ్తుంది. మళ్లీ మొదటికొచ్చిందని డీలా పడకండి. పాత నిర్ణయంలోని తప్పేమిటో ఇప్పుడు జడ్జి రాతలో ఉంది, కొత్త సభ్యుడు దాన్ని దాటి పోలేడు. అప్పీల్ తర్వాత పుట్టిన సాక్ష్యాన్ని ఈసారి ఇవ్వడానికి అడగవచ్చు. ఊళ్లో ఉన్న సాక్షులతో ఇప్పుడే మాట్లాడి కొత్త అఫిడవిట్లు తెప్పించండి, అనువాదాలు చేయించండి. ఇల్లు మారితే బోర్డుకూ, సీబీఎస్ఏకూ, ఇమిగ్రేషన్ శాఖకూ విడివిడిగా కొత్త అడ్రస్ ఇవ్వండి. ఒకరికి చెబితే మిగతావాళ్లకు తెలియదు.